అత్తయ్యతో విస్కాన్సిన్ స్విట్జర్లాండ్

మా అత్తయ్యది నరసాపురం వైపు. ముప్పై ఏళ్లకు పైగా అక్కడి హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఇటు గోదావరి, అటు సముద్రం, మధ్యలో వరిచేలూ చేపల చెరువులూ తప్ప కొండన్నదే కనిపించని నేల అది. అలాంటి చోట నిలబడి ఆవిడ ఏటేటా పిల్లలకు ఆల్ప్స్ పర్వతాల పాఠం చెప్పారు. సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని నల్లబల్ల మీద మంచుశిఖరాలు రుద్ది చూపించేవారట. మావయ్యగారు పోయాక ఆవిడ మిషిగన్ వచ్చి ట్రాయ్‌లో మాతోనే ఉంటున్నారు. ఇక్కడా నేల బల్లపరుపే.

ఒక వసంతకాలంలో, ఆదివారం మా తెలుగు చర్చి నుంచి ఇంటికి వస్తుంటే మా ఆయన, "అమ్మా, ఈ సమ్మర్ ఎక్కడికి వెళ్దాం?" అని అడిగాడు. నయాగరా అంటారనుకున్నాం. ఆవిడ కిటికీ బయటికి చూస్తూ, ఎప్పట్నుంచో జవాబు సిద్ధంగా పెట్టుకున్న మనిషిలా, "స్విట్జర్లాండ్" అన్నారు.

ఆ వారమంతా మా ఆయన లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. వీసా అపాయింట్‌మెంట్లు ఎక్కడా దొరకలేదు. దొరికిన చోట మా సెలవులు కుదరలేదు. చివరికి ఒకరోజు కళ్లు మెరుస్తుండగా వచ్చి, విస్కాన్సిన్‌లో న్యూ గ్లారస్ అని ఒక ఊరుందని, వందేళ్ల కిందటి మాట కాదు, అంతకు ముందెప్పుడో స్విట్జర్లాండ్‌లోని గ్లారస్ నుంచి వలస వచ్చినవాళ్లు కట్టుకున్నదని, చుట్టూ అన్నీ కొండలేనని, మనకి కార్లో ఒక పూట ప్రయాణమని చెప్పాడు.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని ఫోన్లో ఫొటోలు చూశారు. "అంటే బొమ్మ స్విట్జర్లాండన్నమాట" అన్నారు.

"బొమ్మ కాదమ్మా, మనుషులు ఒరిజినలే."

"సరే, బుక్ చెయ్యి. అసలుది దొరికే లోపు మోడల్ చూసినట్టుంటుంది."

అలా జూన్‌లో ఒక శుక్రవారం బయల్దేరాం. డ్రైవింగ్ అంతా మా ఆయనదే. నాకు లైసెన్సుంది గానీ నేను నడిపేది ఆఫీసుకి, ఇండియన్ గ్రోసరీకి, చర్చికి. ట్రాయ్‌లో రోడ్లు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. వాటి మీద నడిపి నడిపి, వంపు తిరిగే రోడ్డంటేనే నాకు అరచేతులు చెమటలు పట్టేవి. మా కాపురంలో డ్రైవర్ సీటు ఆయనది, పక్కసీటు నాది. దాని గురించి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

షికాగో దాటి, ఇలినాయ్ దాటి విస్కాన్సిన్‌లోకి వచ్చాక కూడా చాలాసేపు నేల చదునుగానే ఉంది. అత్తయ్య వెనక సీట్లో ఏమీ అనకుండా జంతికలు తింటున్నారు. ఉన్నట్టుండి రోడ్డు కిందికి దిగింది. దిగి, పక్కకి తిరిగి, మళ్లీ పైకి లేచింది. ఇటూ అటూ పచ్చటి కొండలు, వాటి నడుమల్లో ఎర్రటి పశువుల కొట్టాలు. జంతికల చప్పుడు ఆగిపోయింది. అద్దంలోంచి చూస్తే ఆవిడ ముందు సీటు వీపు పట్టుకుని, మెడ చాచి చూస్తున్నారు.

ఊళ్లోకి వెళ్లేసరికి సాయంత్రం వెలుగు ఇంకా బాగానే ఉంది. చెక్క బాల్కనీలు, వాటి నిండా ఎర్రపూల కుండీలు, వాలు కప్పులు, గోడల మీద రంగురంగుల ముగ్గుల్లాంటి బొమ్మలు. బ్యాంకు కూడా పెళ్లివారిల్లులా ఉంది. వీధి మలుపుల్లో నిలువెత్తు ఆవు బొమ్మలు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో రంగు వేశారు. అత్తయ్య చీర మీద స్వెట్టర్ వేసుకుని, కాళ్లకి స్నీకర్స్ తొడుక్కుని ఒక్కో భవనం ముందూ ఆగుతున్నారు, కాపీలు దిద్దుతున్నట్టుగా.

"బానే కట్టారు" అన్నారు చివరికి.

ఆ మాటకే మా ఆయనకి ఎక్కడలేని హుషారొచ్చింది. "అమ్మా, ఇక్కడొక ఫొటో" అంటూ ఒక ఆవు బొమ్మ నిలబెట్టిన సిమెంటు దిమ్మ ఎక్కి, దాని మెడ చుట్టూ చెయ్యి వేశాడు. నేను ఫొటో తీశాను. కాలేజీ కుర్రాడిలా దిమ్మ మీంచి కిందికి దూకాడు. కుడికాలు పేవ్‌మెంటు అంచు మీద పడి మడత పడింది. ఆ అరుపుకి ఎదురుగా రెస్టారెంట్లో బయట కూర్చున్నవాళ్లంతా ఫోర్కులు పట్టుకునే లేచి నిలబడ్డారు.

ఎముక విరగలేదని, చీలమండ బెణికిందని, వారం రోజులు ఆ కాలి మీద బరువు వెయ్యొద్దని క్లినిక్‌లో చెప్పారు. దాని చుట్టూ బూటులాంటిది బిగించి, ఒక చంకకర్ర ఇచ్చి పంపారు. హోటల్ గదిలో దిండు మీద కాలు పెట్టుకుని పడుకున్న మా ఆయన పైకప్పు వైపు చూస్తూ, "ట్రిప్ స్పాయిల్ చేశాను కదా" అన్నాడు.

కుడికాలు కాబట్టి డ్రైవ్ చేసే మాటే లేదు. కొండల్లో తిరగాలని వేసుకున్న ప్లానంతా, ఏ రోజు ఎటు వెళ్లాలో అన్నీ, ఆయన కాలి మీదే ఆధారపడి ఉంది. రెండ్రోజులు గదిలో కూర్చుని, నొప్పి కాస్త తగ్గాక ఎలాగోలా ఇంటికి వెళ్లిపోదామా అని నేను మెల్లగా అన్నాను.

అత్తయ్య మంచం అంచున కూర్చుని మాత్రలు లెక్కపెట్టుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "నీకు లైసెన్సుంది కదమ్మాయ్" అన్నారు.

"ఉంది కానీ అత్తయ్యా, ఈ గుట్టల్లో నాతోని కాదు."

"మీ హన్మకొండ నిండా గుట్టలేనంటావు కదా! నాకంటే నీకే అలవాటు."

"వాటి మీద కారు నడపలేదు కదా అత్తయ్యా, కింద నిలబడి చూశానంతే."

"ఇంతదూరం వచ్చి కిటికీలోంచి చూసి పోతామా? నెమ్మదిగా నడుపు. దారి నేను చెప్తాను. నువ్వు రోడ్డు చూడు చాలు."

పొద్దున్నే హోటల్ కౌంటర్ దగ్గరికి వెళ్లి ఆవిడే ఒక కాగితం మ్యాపు అడిగి తెచ్చుకున్నారు. కొండల మధ్య ఫోన్ సిగ్నల్ ఉండదని అక్కడి అమ్మాయి చెప్పిందట. పాపం, ఆ మాట భయపెట్టడానికి చెప్పిందో ఏమో, అత్తయ్య మాత్రం బహుమతి గెలుచుకున్నట్టు వచ్చారు. మ్యాపును బల్ల మీద పరిచి, అరచేత్తో మడతలు సాఫుచేసి, ఉత్తరం ఎటుందో చూసుకుని, మ్యాపును కాస్త తిప్పారు. నలభై మంది పిల్లలున్న క్లాసులోకి అడుగుపెట్టినప్పుడు ఆవిడ ఎలా ఉండేవారో నాకు మొదటిసారి తెలిసింది.

మా ఆయనని వెనక సీట్లో అడ్డంగా కూర్చోబెట్టి, కాలు కింద రెండు దిండ్లు పెట్టాం. నేను సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు సర్దుకుని, చేతులు చీరంచుకి తుడుచుకుందామని చూస్తే నేను వేసుకున్నది జీన్స్. అత్తయ్య పక్కసీట్లో మ్యాపు ఒళ్లో పెట్టుకుని సీటు బెల్టు పెట్టుకున్నారు.

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు. చేసుకున్నాం. మా ఆయన ఆమెన్ మరీ గట్టిగా చెప్పాడు.

ఆ ప్రాంతంలో చిన్న రోడ్లకి పేర్లు ఉండవు, అక్షరాలుంటాయి. ఒకటి ఎన్, ఒకటి ఓ, ఒకటి ఎన్ఎన్. "ఇవేం రోడ్లు, వాచకంలా ఉన్నాయి" అని అత్తయ్య ముచ్చటపడ్డారు. మొదటి కొండ ఎక్కేటప్పుడు నాకు ముందు రోడ్డే కనిపించలేదు. కారు ముక్కు పైకి లేచి, అద్దం నిండా ఆకాశమే. దాని అవతల రోడ్డు ఉందో, ఉంటే ఎటు తిరిగిందో తెలియదు. కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేచింది.

"ఆగకు, ఆగకు, వెనక ట్రక్ వస్తోంది" అన్నాడు మా ఆయన.

"బ్రేక్ వద్దు, లో గేర్ వెయ్యి. ఎడమకి వెళ్తున్నావ్. స్టీరింగ్ అంత గట్టిగా పట్టుకోకు" అని మళ్లీ ఆయనే.

అత్తయ్య వెనక్కి తిరగలేదు. "వెనక బెంచీలో మాటలు వినిపిస్తున్నాయి" అన్నారంతే.

వెనక బెంచీ నిశ్శబ్దమైపోయింది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొండ నెత్తి దాటేశాను. అవతల రోడ్డు ఎక్కడికీ పోలేదు, బుద్ధిగా కిందికి దిగి, మొక్కజొన్న చేల మధ్యనుంచి ఒక వాగు దాకా వెళ్లింది. ఆ తరువాతి కొండకి భయం కాస్త తగ్గింది. ఆ పైదానికి ఇంకాస్త. ఎదురుగా, ఇప్పటికీ కార్లు వాడని అక్కడి ఒక క్రైస్తవ శాఖవాళ్ల గుర్రపుబండి వచ్చినప్పుడు మాత్రం మళ్లీ అరచేతులు తడిసాయి. బండిలో నల్లటోపీ ఆయన మాకు చెయ్యి ఊపాడు. అత్తయ్య రెండు చేతులూ ఊపారు, నావి కూడా కలిపి.

దక్షిణంగా ఉన్న మన్రో అనే చిన్న పట్నానికి చేరేసరికి భోజనాల వేళయింది. అది చీజ్ చేసేవాళ్ల ఊరు. కోర్టు భవనం ఎదుట ఒక పాతకాలపు హోటల్లోకి కర్రసాయంతో మా ఆయనని నడిపించుకెళ్లాం. వెయిట్రెస్, ఇక్కడ ఒక రకం చీజ్‌తో చేసే శాండ్‌విచ్ ప్రసిద్ధమని, కానీ దాని వాసన అందరికీ పడదని, ముందే చెప్పేస్తున్నానని అంది. దానిపేరు లింబర్గర్. అత్తయ్యకి ఆ హెచ్చరికే ఊరింపులా వినబడింది.

ప్లేటు రాగానే మా ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. నేను చెప్పకూడదు గానీ, తడిసిన సాక్సులు మూటకట్టి మూలన మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. అత్తయ్య శాండ్‌విచ్ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, గాలి పీల్చారు. ముఖం విప్పారింది.

"ఒరేయ్, మన చేపల రేవు!" అన్నారు.

నాకు అర్థం కాలేదు. సముద్రం ఒడ్డున ఎండు చేపలు ఆరబెట్టే చోట ఇదే వాసనట. చిన్నప్పుడు స్కూలుకి ఆ దారినే వెళ్లేవారట. ఉల్లిపాయ చక్రాలూ ఆవపిండి ముద్దా పెట్టి ఇచ్చిన ఆ శాండ్‌విచ్ మొత్తం తినేసి, "కాస్త పచ్చిమిర్చి ఉంటేనా" అన్నారు. వెయిట్రెస్ వంటవాణ్ణి కూడా పిలుచుకొచ్చి చూపించింది. అత్తయ్యకి ఊరికే ఇంకో ముక్క తెచ్చిపెట్టారు. అది తినడానికి నేనూ ధైర్యం చేశాను. ముక్కు మూసుకుంటే బానే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఇంకో దారిన వెళ్దామన్నారు అత్తయ్య. మ్యాపులో ఆ దారి సన్నటి గీత, వాగు పక్కనే వంకలు తిరుగుతూ ఊరికి చేరుతుంది. సిగ్నల్ లేదు. ఎన్ దగ్గర తిరగాల్సిన చోట ఎన్ఎన్ దగ్గర తిరిగాం. తప్పు నాదా, ఆవిడదా అన్నది ఇప్పటికీ తేలలేదు. తారు రోడ్డు కంకర రోడ్డయింది. కంకర రోడ్డు ఒక కొండ చుట్టూ ఎక్కుతూ, ఎక్కుతూ, ఒక పశువుల కొట్టం ముందు ఆగిపోయింది. ముందుకి దారి లేదు.

కారు ఆపి అత్తయ్యా నేనూ దిగాం. దిగి వెనక్కి తిరిగి చూసి, ఇద్దరం అక్కడే నిలబడిపోయాం. మేం తెలియకుండానే ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తయిన చోటికి వచ్చేశాం. కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ, చివరివి నీలంగా, పొగలా. పైన మబ్బులు కదులుతుంటే కింద వాటి నీడలు ఒక కొండ దిగి ఇంకోటి ఎక్కుతున్నాయి.

అత్తయ్య కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "మ్యాపుల్లో కొండలకి గోధుమరంగు వేస్తారు. అన్నేళ్లూ గోధుమరంగే చూపించాను. ఇంత పచ్చగా ఉంటాయని అనుకోలేదమ్మాయ్" అన్నారు.

తరువాత మెల్లగా పాఠంలోకి దిగారు. ఒకప్పుడు ఈ దేశపు ఉత్తరభాగమంతా మంచుకింద ఉండేదట. మన మిషిగన్‌ని చపాతీలా ఒత్తేసింది ఆ హిమానీనదాలేనట. చిత్రంగా ఈ ఒక్క ముక్కని మాత్రం అవి ముట్టుకోకుండా పక్కనుంచి పోయాయట. అందుకే ఇక్కడ కొండలు మిగిలాయట. "ఆల్ప్స్‌ని చెక్కింది మంచు. వీటిని మంచు వదిలేసింది. రెండిటికీ పోలికే లేదు, చూశావా? అయినా ఆ గ్లారస్ వాళ్లు వచ్చి, ఇదీ మా ఊరిలాగే ఉందనుకుని ఆగిపోయారు." కార్లోంచి మా ఆయన, "నాకు వినబడట్లేదమ్మా, గట్టిగా చెప్పు!" అని అరిచాడు. ఆవిడ మళ్లీ మొదటినుంచి, గట్టిగా చెప్పారు.

కొట్టం చూరుకి ఒక ఇత్తడి గంట వేలాడుతోంది. కొబ్బరికాయంత ఉంటుంది, దానికో తాడు. అత్తయ్య దాని కిందికి వెళ్లి నిలబడ్డారు. "మా స్కూల్లో ఇంతదే ఉండేది. మా అటెండరు కొట్టేవాడు. నాకు మాత్రం ఎప్పుడూ కొట్టే అవకాశం రాలేదు" అన్నారు. నేను వద్దనేలోపే తాడు పట్టుకుని, లాంగ్ బెల్ కొట్టేశారు.

ఆ మోత లోయలోకి దిగి, ఎదుటి కొండకి తగిలి వెనక్కి వచ్చింది. కింద వాలులో మేస్తున్న ఆవులు, పాలెక్కువైన కాఫీ రంగువి, ఒక్కసారిగా తలలెత్తాయి. ముందు ఒకటి కదిలింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే మందంతా ఒకదాని వెనక ఒకటిగా కొండెక్కి మావైపు రావడం మొదలుపెట్టింది.

"అయ్యో, అత్తయ్యా!"

"ఏవైంది? మా పిల్లలు ఏనాడూ ఇంత చక్కగా లైన్లో రాలేదు" అన్నారావిడ, కదలకుండా.

అప్పుడు కొట్టం పక్కనున్న ఇంటి వెనకనుంచి ఒకావిడ చిన్న నాలుగు చక్రాల బండి మీద దూసుకొచ్చింది. అరవై దాటి ఉంటాయి. రబ్బరు బూట్లు, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. బండి ఆపి, ఆవుల్ని చూసి, గంట తాడు ఇంకా చేతిలోనే ఉన్న చీరకట్టు మనిషిని చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. క్షమించమని, దారి తప్పామని ఏదేదో చెప్పబోయాను.

అత్తయ్య తాడు వదిలి, నిటారుగా నిలబడి, స్కూల్ ఇన్‌స్పెక్టరుతో మాట్లాడినట్టు ఇంగ్లీషులో అన్నారు. "మేడమ్, తప్పు నాది. నేను టీచర్ని. గంట చూసి ఆగలేకపోయాను."

ఆవిడ ఒక్క క్షణం చూసి, పగలబడి నవ్వింది. అది పాలు పితికే వేళకి ఆవుల్ని పిలిచే గంటట. వాళ్ల తాతల నాటిది. "సరే, ఇవాళ పాలు పెందలాడే. వచ్చిన పిల్లల్ని వెనక్కి పంపలేం కదా" అంది. ఆ ఆవులు కూడా స్విస్ జాతేనని, తన ముత్తాతలు గ్లారస్ నుంచి వచ్చినవాళ్లేనని, తను మాత్రం ఒక్కసారి కూడా అక్కడికి వెళ్లలేదని చెప్పింది. ఆవుల్ని వదిలి రెండ్రోజులు ఎక్కడికీ కదలడానికి కుదరదట.

"నేనూ వెళ్లలేదు, ముప్పై ఏళ్లు పాఠం మాత్రం చెప్పాను" అన్నారు అత్తయ్య.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. కాస్సేపటికి మా ఆయన కూడా దిగి కొట్టంలో ఒక స్టూలు మీద కూర్చున్నాడు. పాలు పితికే మిషన్లు టిక్కుటిక్కుమంటుంటే ఆడవాళ్లిద్దరూ ఆవుల వరస మధ్య నడుస్తూ కబుర్లు చెప్పుకున్నారు. మేం వెళ్లొస్తామన్నప్పుడు ఆవిడ అత్తయ్య చెయ్యి పట్టుకుని, "రేపు ఆదివారం. మా చర్చికి రండి. అక్కడ ఆర్గన్ వాయించేది నేనే. కావాలంటే ఆ చర్చి గంట కూడా కొట్టిస్తాను" అంది.

ఆ కంకర రోడ్డు దిగడం ఎక్కడంకంటే కష్టం. కారు జారుతున్నట్టే అనిపించింది. లో గేర్ వేసి, ఊపిరి బిగబట్టి, అంగుళం అంగుళం దిగాను. కింద తారు రోడ్డు తగిలాక వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. అప్పటిదాకా మా ఆయన ఒక్క మాట కూడా అనలేదని అప్పుడు గమనించాను. "నాకంటే బాగా దించావ్" అన్నాడు. మర్యాదకి అనలేదని గొంతులోనే తెలిసింది.

ఆదివారం చర్చికి వెళ్లాం. ఊరి నడుమ, గోపురం మీద గడియారంతో, రాతి చర్చి. ఎక్కువమంది తల నెరిసినవాళ్లే. వెనక వరసలో కూర్చుందామని నేను చూస్తుంటే, అత్తయ్య నేరుగా ముందునుంచి మూడో వరసకి వెళ్లిపోయారు. పైన ఆర్గన్ దగ్గరనుంచి మా ఆవుల ఆవిడ చెయ్యి ఊపింది. బూట్లు లేకుండా, పూల గౌనులో, పోల్చుకోవడం కష్టమైంది.

పాస్టరుగారు వాక్యం చెప్పడం అయ్యాక పాట మొదలైంది. ఆర్గన్ మొదటి నాలుగు స్వరాలు పలకగానే అత్తయ్య నా మోచెయ్యి పట్టుకున్నారు. అది మా తెలుగు చర్చిలో కూడా పాడే పాత రాగమే. మాటలు వేరు, రాగం అదే. అందరూ పాటల పుస్తకం తెరిచి ఇంగ్లీషులో అందుకున్నారు. అత్తయ్య పుస్తకం తెరవలేదు. కళ్లు మూసుకుని తెలుగులో ఎత్తుకున్నారు.

ఆవిడ గొంతు మైకు లేకుండా స్కూలు అసెంబ్లీని నడిపించిన గొంతు. పైగా గోదావరి జిల్లాల్లో ఆ పాటని పాడే తీరు ఒకటుంది. ఏ మాటనీ తొందరగా వదలరు. ప్రతి పాదం చివరా ఒక సాగదీత, ఒక గమకం. మొదటి చరణానికే ఆవిడ అందరికంటే సగం పాదం వెనకపడ్డారు. రెండో చరణానికి ఒక పాదం. మూడోదానికి ముందు వరసలవాళ్లు మెల్లగా తలలు తిప్పి చూడటం మొదలుపెట్టారు. పాట అయిపోయింది. అందరూ పుస్తకాలు మూశారు. అత్తయ్య ఇంకా ఆఖరి చరణంలోనే ఉన్నారు, కళ్లు మూసుకునే, ఒంటరిగా, చర్చి నిండా ఆవిడ గొంతే.

ఆవిణ్ణి తట్టాలా వద్దా అని నా చెయ్యి గాలిలో ఉంది. అప్పుడు పైనుంచి ఆర్గన్ మళ్లీ మోగింది. చాలా మెల్లగా, అత్తయ్య ఉన్న పాదం దగ్గరే వచ్చి కలిసింది. ఆవిడ సాగదీసిన చోట తనూ సాగదీస్తూ, ఆవిడ ఊపిరి తీసుకున్న చోట ఆగుతూ, చివరిదాకా తోడొచ్చింది. కొందరు నోరు విప్పకుండానే రాగం కలిపారు. మా వెనకనుంచి ఒక బొంగురు గొంతు కూడా. ఆఖరి మాట అయ్యాక అత్తయ్య కళ్లు తెరిచి, అందరూ తననే చూస్తున్నారని గ్రహించి, చటుక్కున కూర్చున్నారు.

పాస్టరుగారు లేచి, "మనం ఇన్నేళ్లూ ఈ పాటని మరీ హడావిడిగా పాడేస్తున్నామేమో" అన్నారు. చర్చంతా నవ్వింది. అత్తయ్య కొంగుతో నోరు కప్పుకుని తనూ నవ్వారు.

బయట పచ్చికలో కాఫీ, కేకులు. బొంగురు గొంతాయన చేతికర్రతో అత్తయ్యని వెతుక్కుంటూ వచ్చారు. తొంభైకి దగ్గరగా ఉంటారు. వాళ్ల నానమ్మ ఆ పాటని స్విస్ జర్మన్‌లో అలాగే లాగి లాగి పాడేదని, చిన్నప్పుడు తనకి విసుగ్గా ఉండేదని, ఇవాళ ఆవిడే వచ్చి పాడినట్టుందని అన్నారు. ఆ ఆఖరి చరణానికి మీ భాషలో అర్థం ఏమిటని అడిగారు. అత్తయ్య ఒక్కో మాటా విడగొట్టి చెప్పారు. ఆయన ఒక్కోదానికీ తల ఊపుతూ, తనకి గుర్తున్న స్విస్ మాట చెప్పారు. అది ఆవిడా పలికి చూశారు. ఆయన నాలుగుసార్లు దిద్దారు. టీచరుగారిని ఎవరైనా దిద్దడం మేం చూసింది అదే మొదటిసారి.

చర్చి నుంచి ఇక ఇంటికి బయల్దేరాం. ఊరు దాటి హైవే ఎక్కాలంటే ఎడమకి తిరగాలి. కూడలిలో ఆగాను. వెనక మా ఆయన కాలు చాపుకుని, సాయంత్రానికి షికాగో ట్రాఫిక్‌లో పడకుండా ఉండాలంటే ఇప్పుడే బయల్దేరాలని లెక్కలు చెబుతున్నాడు. అత్తయ్య మ్యాపు మీద వేలు పెట్టి, "కుడికి పోతే కాస్త దూరంలో షుగర్ రివర్ అని ఉంది. పంచదార నది! ఆ పేరు పెట్టుకున్నదాన్ని చూడకుండా ఎలా పోతాం?" అన్నారు.

నేను కుడికే తిప్పాను. ట్రాఫిక్ సంగతి తరువాత చూసుకోవచ్చు, నడిపేది నేనే కదా.

ఆ నది నిజానికి మన పంట కాలవంత కూడా లేదు. ఒడ్డున నీడలో కూర్చుని, పొద్దున హోటల్లో కలిపి తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాం. మా ఆయన బూటు విప్పి, వాచిన కాలు నీళ్లలో పెట్టి, "అబ్బా, ఐస్ ప్యాక్ దండగ" అన్నాడు. అత్తయ్య అటూ ఇటూ చూసి ఎవరూ లేరని నిర్ధారించుకుని, స్నీకర్స్ విప్పి, కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, పక్కనే కూర్చుని రెండు కాళ్లూ నీళ్లలో పెట్టారు. చల్లదనానికి చిన్నపిల్లలా కెవ్వుమన్నారు. ఆ తరువాత దోసిట్లో కాసిన్ని నీళ్లు తీసుకుని రుచి చూశారు.

"తియ్యగా ఉన్నాయా అత్తయ్యా?" అని అడిగాను.

"కావాలంటే నువ్వే చూడు" అన్నారు. నేనూ కారు తాళాలు జేబులో వేసుకుని, జీన్స్ మడిచి నీళ్లలోకి దిగాను.